కొబ్బరికాయ లేచిన చోటే బోరు వేయాలా? చదువుకున్నవాళ్లు కూడా ఎందుకు నమ్ముతారు?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: కళ్యాణదుర్గం దగ్గర మీకు చీనీ (బత్తాయి) తోట ఉంది. రెండు బోర్లు ఎండిపోయాయి. మూడో బోరుకు కొబ్బరికాయతో పాయింటు పెట్టే, అంటే ఎక్కడ తవ్వితే నీళ్లు పడతాయో చూపే ఆయన్ను పిలిపిస్తానని మీ నాయన పట్టుబట్టారు. సర్వే చేయిద్దామని మీరంటే "మిషన్లు పెట్టి చూసినవి మాత్రం ఎండలేదా?" అన్నారు. ఎమ్మెస్సీ చదివిన మీ అన్న కూడా ఆయన వైపే. చదువుకున్నవాళ్లు సైతం ఇవి ఎందుకు నమ్ముతారు, ఇలాంటి నమ్మకాలు ఎప్పటినుంచి ఉన్నాయి, ఎలా మాన్పించాలి అన్నది మీ ప్రశ్న.

నేను భూగర్భ జలాల సర్వేలో పనిచేసి రిటైరైనవాణ్ని. అనంతపురం, కర్నూలు, కడప జిల్లాల్లో బోరు పాయింట్లు చూడటమే నా ఉద్యోగం. కొబ్బరికాయల వాళ్లతో, వేపపుల్లల వాళ్లతో ఒకే పొలంలో కలిసి తిరిగిన అనుభవం చాలా ఉంది.

సూటిగా చెప్పాలంటే, నేల కింద నీళ్లున్నాయో లేదో కొబ్బరికాయకు తెలియదు. దాన్ని నమ్మి లక్షలు పెట్టొద్దు. అయితే మీ నాయన అమాయకుడై నమ్ముతున్నారని అనుకోకండి. పోయేది ఎక్కువగా ఉండి, ఫలితం మన చేతిలో లేనప్పుడు ఎవరి మనసైనా ఇలాగే పట్టు కోసం వెతుక్కుంటుంది. ఆయనకున్న ఆ అనిశ్చితిని కొంతైనా తగ్గించకుండా ఉత్త వాదన పెట్టుకుంటే ఇంట్లో గొడవ తప్ప ఏమీ మిగలదు.

ముందు కాయ ఎందుకు లేస్తుందో చూద్దాం. పీచు తీసి పిలక ఉంచిన కాయను అరచేతిలో పడుకోబెట్టి, పిలక వేళ్ల వైపు ఉండేలా పట్టుకుంటారు. చెయ్యి ముందుకు చాపి మెల్లగా నడుస్తారు. ఒకచోట కాయ దానంతటదే లేచి నిలబడుతుంది. చూసేవాళ్లకు ఒళ్లు గగుర్పొడుస్తుంది, అందులో సందేహం లేదు. ఈసారి మీరు కాయను చూడకండి, చేతిని చూడండి. కాయ లేవబోయే ముందు బొటనవేలి కింది కండ బిగుసుకుంటుంది, మణికట్టు రవ్వంత వంగుతుంది. గుండ్రటి కాయ దోసిలి లాంటి అరచేతిలో ఎటైనా దొర్లడానికి సిద్ధంగా ఉంటుంది కాబట్టి ఆ వంపు చాలు.

ఆయన మోసం చేస్తున్నాడని నేననడం లేదు. నేను చూసినవాళ్లలో ఎక్కువమంది నిజాయతీపరులే. చెయ్యి కదిలిన సంగతి ఆ చేతి మనిషికే తెలియదు. దీన్ని ఫ్రాన్సులో షెవ్రోల్ అనే రసాయన శాస్త్రవేత్త 1833లోనే లోలకంతో గమనించి రాశాడు. ఇరవై ఏళ్ల తర్వాత, 1853లో, ఇంగ్లండులో మైకేల్ ఫారడే ఇంకా బాగా తేల్చాడు. అప్పట్లో అక్కడ జనం బల్ల చుట్టూ కూర్చుని చేతులు ఆనిస్తే ఆత్మలు వచ్చి బల్లను తిప్పుతాయని ఒక వేలంవెర్రి. ఫారడే చేతులకూ బల్లకూ మధ్య జారే అట్టలు పెట్టాడు. ముందు కదిలింది చేతులే, బల్ల తర్వాత కదిలింది. అంతకంటే ముఖ్యమైంది ఇంకోటి ఉంది. చేతులు కదులుతున్నట్టు చూపే సూచికను కూర్చున్నవాళ్లకే కనిపించేలా పెడితే బల్ల కదలడం ఆగిపోయింది. వాళ్లందరూ చదువుకున్న మర్యాదస్తులే, ఎవరూ కావాలని నెట్టలేదు. వేపపుల్ల కిందికి వంగడం, నిమ్మకాయ తిరగడం అన్నీ ఈ కోవలోవే.

"మరి ఆయన చూపిన చోట నీళ్లు పడ్డాయి కదా" అంటారు. పడతాయి. మన అనంతపురం వైపు నేల ఎక్కువగా గ్రానైటు, నైసు రాయి. పైన మెత్తబడిన పొరలోనూ, కింద రాతి పగుళ్లలోనూ నీళ్లుంటాయి. ఒక ప్రాంతంలో పది బోర్లలో ఆరింటికి ఎంతో కొంత నీళ్లు పడతాయనుకుందాం. అక్కడ కళ్లు మూసుకుని రాయి విసిరి, రాయి పడ్డ చోట బోరు వేసినా పదిలో ఆరు సార్లు పడతాయి. కొబ్బరికాయ గొప్ప చెప్పాలంటే ఆరు కంటే ఎక్కువ పడాలి. ఆ లెక్క ఎవరూ తీయరు.

ఇంకో సంగతి కూడా న్యాయంగా చెప్పాలి. అనుభవం ఉన్న పాయింటు మనిషి పొలంలోకి రాగానే చుట్టూ చూస్తాడు. వంక ఎటు పారుతోంది, పుట్టలు ఎక్కడున్నాయి, ఎండాకాలంలోనూ ఏ చెట్టు పచ్చగా ఉంది, పక్క పొలం బోరు ఎక్కడుంది అన్నీ ఆయన కంట్లో పడతాయి. ఆరో శతాబ్దంలో వరాహమిహిరుడు నీటి జాడల గురించి రాసిన అధ్యాయంలో చెట్లు, పుట్టలే ప్రధాన గుర్తులు. అందులో గమనింపు ఉంది, దానికి నేను విలువిస్తాను. మన పాయింటు మనిషి ఆ గమనింపుతోనే ఒక చోటికి చేరుకుంటాడు, పేరు మాత్రం కాయకు వస్తుంది.

నమ్మకం ఎందుకు ఓడిపోదు? ఇది నేను ఉద్యోగంలో రోజూ చూసిన విషయం. బోరు బండి రాత్రంతా తోలుతుంది. తెల్లటి రాతి పొడి చుట్టుపక్కల చెట్లన్నింటి మీదా పరుచుకుంటుంది. ఇంటిల్లిపాదీ ఆ పొడి తడిగా మారుతుందా అని చూస్తూ కూర్చుంటారు. మారదు. అడుగుకింత అని లెక్క పెరుగుతూనే ఉంటుంది. తెల్లవారాక ఎవరైనా "పాయింటు తప్పు" అన్నారా? చాలా అరుదు. "పాయింటు మంచిదే, మన రాత బాలేదు." "ఇంకో యాభై అడుగులు తోలింటే పడేవి." "బయటున్న (నెలసరిలో ఉన్న) ఆడమనిషి పొలంలోకి వచ్చింది." ఈ చివరి మాట విన్నప్పుడల్లా నాకు కోపమూ బాధా రెండూ వచ్చేవి. బోరు ఎండింది నేల వల్ల, నింద పడేది ఇంటి కోడలి మీద. నీళ్లు పడితే కాయ గొప్ప, పడకపోతే మనుషుల తప్పు అయినప్పుడు ఆ నమ్మకానికి ఓటమి అనేదే ఉండదు. పడిన బోరు కథ చుట్టుపక్కల ఊళ్లన్నీ తిరుగుతుంది. ఎండిన బోరు కథ అప్పు ఇచ్చినవాడికి తప్ప ఎవరికీ గుర్తుండదు.

ఇక మనసు సంగతి. పోలండులో పుట్టిన మాలినోవ్‌స్కీ అనే మానవ శాస్త్రవేత్త మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో, ఇప్పటి పాపువా న్యూగినీలో ఉన్న ట్రోబ్రియాండ్ దీవుల్లో జనంతో కలిసి ఉన్నాడు. అక్కడివాళ్లు ఒడ్డు లోపలి మడుగులో చేపలు పట్టేటప్పుడు మంత్రాల జోలికి పోరు. అక్కడ ప్రమాదం లేదు, చేపలు ఖాయం. అదే మనుషులు నడి సముద్రంలోకి వేటకు పోతే మంత్రతంత్రాలన్నీ చేస్తారు. మనిషి అదే, తెలివి అదే, మారింది అపాయం.

దీన్ని చదివినప్పుడు నాకు మన జిల్లాలే కళ్ల ముందు కనిపించాయి. కేసీ (కర్నూలు–కడప) కాలువ కింద వరి వేసే రైతు వాన కోసం కప్పల పెళ్లి చేయడం నేను పెద్దగా చూడలేదు. ఆయన టెన్షన్ అంతా కాలువకు నీళ్లు ఎప్పుడు వదులుతారన్న దాని మీదే, అందుకు ఆయన ఆఫీసుల చుట్టూ తిరుగుతాడు. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల చుట్టూ మాత్రమే వాన కురిసే అనంతపురం మెట్ట పొలాల్లో, వేరుశనగ విత్తి ఆకాశం వైపు చూసే రైతు ఏ ఆఫీసుకు పోవాలి? అందుకే కప్పల పెళ్లి, గాడిదల పెళ్లి, గుడిలో విరాటపర్వం చదివించడం. 1876–78 కరువు ఈ సీమలో ఎన్ని ఊళ్లను ఖాళీ చేసిందో తెలిస్తే ఆ మొక్కుల వెనకున్న భయం అర్థమవుతుంది. వాటిని చూసి నవ్వేవాళ్లంటే నాకు గిట్టదు. ఊరంతా ఒకచోట చేరి దిగులు పంచుకోవడంలో ఒక బలం ఉంది, ఖర్చూ తక్కువే.

అమెరికాలో స్కిన్నర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1948లో ఆకలితో ఉన్న పావురాలను పెట్టెల్లో పెట్టి, అవి ఏం చేసినా చేయకపోయినా సరే, కొన్ని సెకన్లకు ఒకసారి గింజలు పడేలా ఏర్పాటు చేశాడు. కొంతసేపటికి ఒక పావురం గుండ్రంగా తిరగడం మొదలుపెట్టింది, ఇంకోటి పెట్టె మూల వైపు తల ఎగరేయడం మొదలుపెట్టింది. గింజ పడినప్పుడు యాదృచ్ఛికంగా చేస్తున్న పనినే అవి పట్టుకున్నాయని ఆయన అన్నాడు. తర్వాతి పరిశోధకులు ఈ వివరణను కొంత తప్పుబట్టారు, ఆహారం కోసం ఎదురుచూసే పక్షి సహజంగానే అలాంటి పనులు చేస్తుందన్నారు. కాబట్టి పావురాల మీద నేను ఎక్కువ భారం వేయను. కానీ ఎప్పుడు దక్కుతుందో తెలియని ఫలం మనుషులను ఎలా పట్టి ఉంచుతుందో చూడాలంటే తొలకరి వానలకు తుగ్గలి, జొన్నగిరి, మద్దికెర, వజ్రకరూరు వైపు పోండి. జనం చెట్ల కింద మకాం పెట్టి, తడిసిన ఎర్రచేలల్లో తలలు వంచుకుని వజ్రాల కోసం వెతుకుతుంటారు. ఏ దిక్కు నుంచి మొదలుపెట్టాలి, ఏ రోజు కలిసొస్తుంది, ఎవరి చేతి చలవ మంచిది అని ఒక్కొక్కరికీ ఒక్కో లెక్క. ఒకరికి రాయి దొరికితే మరుసటి రోజు పేపర్లో వస్తుంది. ఉత్త చేతులతో బస్సెక్కినవాళ్ల వార్త ఏ పేపరూ వేయదు. వజ్రాలు అక్కడ నిజంగానే ఉన్నాయి. దిక్కుకూ రోజుకూ మాత్రం వాటితో సంబంధం లేదు.

మనిషి మెదడు అసలే సంబంధాలు వెతికే మెదడు. గడ్డిలో సరసరమంటే పాము అని ఎగిరి దూకినవాడు పది సార్లు ఊరికే దూకినా పోయేదేమీ లేదు. గాలిలే అని నిలబడినవాడు ఒక్కసారి పొరబడితే చాలు. లేని సంబంధాన్ని ఉందనుకోవడం చవక, ఉన్నదాన్ని లేదనుకోవడం ప్రాణాంతకం. ఎన్నో తరాలు అలా బతికి వచ్చిన మనసు పిల్లి ఎదురైన రోజుకూ, ఆ రోజు బండి పంక్చరైనదానికీ ముడి వేస్తుందంటే ఆశ్చర్యం లేదు.

మీ అన్న గురించి. చదువు ఈ విషయంలో మనం ఆశించినంత కాపాడదు. 1991 గల్ఫ్ యుద్ధంలో ఇజ్రాయెల్ మీద క్షిపణులు పడినప్పటి పరిస్థితిని కైనన్ అనే పరిశోధకుడు అధ్యయనం చేసి 1994లో ప్రచురించాడు. క్షిపణుల ముప్పు ఎక్కువున్న ఊళ్లవాళ్లలో, ముప్పు తక్కువున్న ఊళ్లవాళ్లకంటే, లేని సంబంధాలను నమ్మే ఇలాంటి ఆలోచనలు ఎక్కువ కనిపించాయి. ఏదీ ఖాయంగా తెలియకపోవడాన్ని ఓర్చుకోలేని మనుషుల్లో ఇది మరీ ఎక్కువ. మీ అన్నకు ఆ తోట మీద ఎంత అప్పుందో ఒకసారి అడగండి. నేను చూసినంతలో, చదువుకున్నవాళ్లు నమ్మకాన్ని వదులుకోరు, దానికి కొత్త కారణాలు తగిలిస్తారు. "భూమిలో అయస్కాంత శక్తి", "ఓ పాజిటివ్ రక్తం ఉన్నవాళ్ల చేతికే కాయ స్పందిస్తుంది" లాంటివన్నీ నేను పట్టభద్రుల నోటనే విన్నాను.

ఎప్పటినుంచి అన్నారు కదా. దానికి సమాధానం మీకు దగ్గర్లోనే రాతి మీద ఉంది. గుత్తి నుంచి పత్తికొండ పోయే దారిలో, కర్నూలు జిల్లా ఎర్రగుడి దగ్గర అశోకుడి శాసనాలున్నాయి. క్రీస్తుపూర్వం మూడో శతాబ్దం నాటివి. ఆయన పద్నాలుగు ప్రధాన శిలాశాసనాలూ అక్కడ చెక్కి ఉన్నాయి. తొమ్మిదో శాసనం మొత్తం ఈ విషయమే. జనం జబ్బు చేసినప్పుడు, పిల్లల పెళ్లిళ్లప్పుడు, కాన్పులప్పుడు, ప్రయాణాలప్పుడు రకరకాల తంతులు చేస్తారనీ, చేస్తే చేయవచ్చుగానీ వాటి ఫలం స్వల్పమేననీ, నౌకర్లను సరిగ్గా చూసుకోవడం, పెద్దలను గౌరవించడం, ప్రాణుల పట్ల దయ ఇవే ఎక్కువ ఫలమిచ్చే తంతులనీ అందులో ఉంది. ఆ శాసనం ముందు నిలబడినప్పుడు ఆయన జాబితాను చూసి ఆశ్చర్యపోయాను: జబ్బు, పెళ్లి, కాన్పు, ప్రయాణం. అన్నీ ఫలితం ముందే తెలియని సందర్భాలే. ఇరవై రెండు శతాబ్దాల తర్వాత మనం ఆ జాబితాకు బోరును చేర్చాం.

తెలిసినంత మాత్రాన నమ్మకం పోదనడానికి గ్రహణాలు ఇంకో ఉదాహరణ. నీడల వల్లే గ్రహణాలని ఆర్యభటుడు 499 నాటికే చెప్పాడు. 1980 ఫిబ్రవరి 16న సంపూర్ణ సూర్యగ్రహణం మన పక్క రాయచూరు మీదుగా పోయింది. శాస్త్రవేత్తలు దేశదేశాల నుంచి వచ్చి గుడారాలు వేసుకుంటే, మన వీధుల్లో పగటిపూట పురుగు కూడా లేదు.

అన్నింటినీ ఒకే గాటన కట్టొద్దు. కొత్త ఇంటికి గుమ్మడికాయ కట్టడం, బోరు బండికి టెంకాయ కొట్టడం నాకు అభ్యంతరం లేదు. నా గీత ఎక్కడంటే, డబ్బు లక్షల్లో పోయేచోట, ప్రాణం పోయేచోట, ఇంకో మనిషి అవమానపడేచోట. గుప్తనిధుల పేరుతో సీమలో పాత గుళ్లు తవ్వేసి, నందుల్ని పగలగొట్టిన సంఘటనలు మీరూ చూసే ఉంటారు. చేతబడి అనే నింద, భర్త పోయిన ఆడమనిషి ఎదురొస్తే మొహం తిప్పుకోవడం, ఇవి నేను ఏ ఇంట్లోనూ మౌనంగా విని ఊరుకోలేదు. పాము మంత్రం కూడా అంతే. పొలాల్లో కరిచే పాముల్లో చాలావాటికి విషం ఉండదు. విషపు పాము కరిచినా కొన్నిసార్లు విషం ఎక్కించదు. ఆ మనుషులంతా మంత్రం వేసినా వేయకపోయినా బతుకుతారు. మంత్రగాడి పేరు అలా పెరుగుతుంది. నాగుపామో, కట్లపామో, రక్తపింజరో నిజంగా విషం ఎక్కించిన రోజు మంత్రం కోసం పోయిన గంట తిరిగి రాదు. నేరుగా విరుగుడు మందు ఉన్న ఆసుపత్రికే పోవాలి.

ఇప్పుడు మీ బోరు. నేనైతే ఇలా చేస్తాను.

మీ నాయనతో కాయ గురించి వాదించకండి. "మీరు చెప్పిన ఆయన్నే పిలుద్దాం, కానీ ముందు ఆయన మన చుట్టుపక్కల పెట్టిన పాయింట్లన్నీ చూసొద్దాం" అనండి. ఎండినవి కూడా చూడాలి, ఏ నెలలో పడ్డాయి, ఎన్నాళ్లు పారాయి రాసుకోవాలి. ఒక నోటుబుక్కు పట్టుకుని తండ్రీకొడుకులు కలిసి తిరగండి. నేను ఎవరికి ఈ సలహా ఇచ్చినా, సగం ఊరు తిరిగేసరికి పెద్దాయనే ఆలోచనలో పడిన సందర్భాలు ఎక్కువ. ఇంకో మార్గం కూడా ఉంది. పాయింటు మనిషి ఒప్పుకుంటే గౌరవంగా కళ్లకు గంతలు కట్టి, అదే పొలంలో రెండోసారి వేరే వైపు నుంచి నడిపించండి. కాయ మొదటి చోటే లేచిందో లేదో మీ నాయనే చూస్తారు.

సర్వే చేయించండి, కానీ దాన్ని దేవుణ్ని చేయకండి. రెసిస్టివిటీ సర్వేలో నాలుగు కడ్డీలు నేలలో పాతి, బయటి రెండింటి గుండా కరెంటు పంపి, లోపలి రెండింటి మధ్య ఓల్టేజీ కొలుస్తాం. మెత్తబడిన తడి రాయిలో కరెంటు తేలిగ్గా పోతుంది, గట్టి రాయి అడ్డుకుంటుంది. లోతున ఉన్న సన్నటి పగులు దీనికి చిక్కకపోవచ్చు. బంకమట్టి ఉంటే నీళ్లున్నట్టు భ్రమ కలిగించవచ్చు. "మిషన్లు పెట్టి చూసినవి ఎండలేదా" అన్న మీ నాయన మాటలో నిజం ఉంది, ఒప్పుకోండి. సర్వే తప్పే అవకాశాన్ని తగ్గిస్తుంది, పూర్తిగా తీసేయదు. ఈ మాట ముందే చెబితేనే ఆయన మిమ్మల్ని నమ్ముతారు.

బండి రాకముందే లోతు, డబ్బు రెండూ తీర్మానించి కాగితం మీద రాసుకోండి. అర్ధరాత్రి పొడి లేస్తుండగా "ఇంకో వంద అడుగులు" అనే నిర్ణయం ఎవరూ సరిగ్గా తీసుకోలేరు. ఎక్కువ నష్టం జరిగేది ఆ గంటలోనే. నీరు, భూమి, చెట్ల పరిరక్షణకు తెచ్చిన వాల్టా చట్టం (2002) కింద అనుమతి కూడా ముందే తీసుకోండి, ఆ పేరుతో పక్క బోర్లు ఎంత దూరంలో ఉన్నాయో తేలుతుంది.

చివరిగా, మీ ఊళ్లో నీళ్ల లెక్క ఎవరైనా రాస్తున్నారేమో కనుక్కోండి. 2000 దశకంలో ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ సాయంతో ఏడు కరువు జిల్లాల్లో రైతులే తమ ఊరి వాన, బోర్లలో నీటిమట్టం కొలిచే కార్యక్రమం నడిచింది, మన మూడు జిల్లాలూ అందులో ఉన్నాయి. ఎంత వాన పడింది, భూమిలో ఎంత చేరింది, ఏ పంటకు ఎంత కావాలి అని ఊరంతా కూర్చుని లెక్క వేసేవాళ్లు. తమ నీళ్లు తామే కొలిచిన రైతులు నాతో మాట్లాడే తీరు వేరుగా ఉండేది. పాయింటు ఎక్కడ అని తక్కువ, మట్టం ఎన్ని అడుగులు దిగింది అని ఎక్కువ అడిగేవాళ్లు. మీ పాత రెండు బోర్లలో ఒకదానికి మూత తీసి, నెలకోసారి బరువు కట్టిన టేపు వదిలి మట్టం రాయడం మొదలుపెట్టండి. ఆ పని మీ నాయనకే అప్పగించండి.

ఆ రెండు బోర్ల లోతు, ఎన్ని అడుగుల దగ్గర నీళ్లు పడ్డాయి, ఏ రంగు రాయి వచ్చింది, ఏ ఏడాది ఎండిపోయాయి ఇక్కడే రాయండి. సర్వే రిపోర్టు వచ్చాక దాని ఫొటో కూడా పెట్టండి. మూడో బోరు అసలు వేయాలా, లేక ఆ డబ్బుతో డ్రిప్పు, ఫారం పాండు (పొలంలో నీటి కుంట) చేసుకుని ఉన్న నీళ్లతోనే చెట్లు కాపాడుకోవాలా అన్నది అప్పుడు చూసి చెబుతాను.